నాలుగు మూలలు

నేను ఒక గాజు బిళ్లను. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నదాన్ని. ఒక పక్క నున్నగా ఉంటాను, రెండో పక్క సన్నటి గరుకు. పాత ఫిల్ము కెమెరాలో, లెన్సు వెనక ఏటవాలుగా ఉండే అద్దానికి సరిగ్గా పైన నా చోటు. లెన్సులోంచి వచ్చిన వెలుగు ఆ అద్దం మీద పడి, పైకి లేచి, నా గరుకు మీద బొమ్మ కడుతుంది. ఫోటోగ్రాఫరు కన్ను పెట్టి చూసేది ఆ బొమ్మనే. పెళ్లికూతురి ముక్కుపుడక తేటగా ఉందా, అలికినట్టు ఉందా అన్నది నన్ను చూసే తేల్చుకుంటాడు. పుస్తకాల్లో నా పేరు ఫోకసింగ్ స్క్రీన్. నా బతుకు గడిచిన చోట్ల ఎవరికీ అంత పేరు పలికే ఓపిక లేదు. గాజు అనేవాళ్లు, అంతే.

నా ఉద్యోగంలో ఒక అన్యాయం ఉంది. బటన్ నొక్కగానే కింద ఉన్న అద్దం పైకి లేచి నన్ను మూసేస్తుంది. వెలుగంతా వెనకాల ఉన్న ఫిల్ముకు పోతుంది. అంటే ఫోటోకు ముందు సర్దుకోవడాలూ, కసురుకోవడాలూ, పైట సవరించుకోవడాలూ అన్నీ నేను చూస్తాను. అయ్యాక ఊపిరి వదలడమూ చూస్తాను. ఫోటో పడే ఆ ఒక్క రెప్పపాటు మాత్రం నాకు చీకటి. వంటంతా చేయించుకుని వడ్డించే వేళకు బయటికి పొమ్మన్నట్టు. మొదట్లో ఉక్రోషంగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

పుట్టింది జపానులో. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి తన ఊపిరి కూడా తగలకుండా నన్ను దీపానికి ఎదురుగా పట్టుకుని, నాలుగు మూలలూ చూసి తల ఊపింది. నా జన్మలో నేను ఎదుర్కొన్న పరీక్ష అదొక్కటే, అందులో నెగ్గాను. గొప్పకు చెప్పడం లేదు. తర్వాత నా మీద పడిన నింద వింటే ఈ మాట ఎందుకు చెప్పానో మీకే తెలుస్తుంది.

మొదటి యజమాని ఓడలో వంటవాడు. ఏ రేవులో దిగినా తన బూట్లనూ, తన నీడనూ తప్ప ఏమీ తీయలేదు. ప్రపంచమంతా తిరిగాను గానీ నేను చూసింది ఆ బూట్లనే. మద్రాసులో ఆ మహానుభావుడు కెమెరా ఇచ్చేసి ట్రాన్సిస్టరు పుచ్చుకున్నాడు. అలా చేతులు మారి రేపల్లె కోటిలింగం దగ్గరికి చేరాను.

కోటిలింగానికి బస్టాండు వెనక స్టూడియో ఉండేది. భార్య పేరు పెట్టుకున్నాడు, మాణిక్యం ఫోటో స్టూడియో అని. ఆవిడ లోపలి చీకటి గదిలో ప్రింట్లు కడిగి తీగకు ఆరవేసేది. ఆయన చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ తీసేవాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. కానీ గ్రూపు ఫోటో దగ్గర ఆయన పద్ధతి వేరు. మిగతావాళ్లు మధ్యలో ఉన్న పెళ్లికొడుకును చూసుకుని నొక్కేస్తారు. కోటిలింగం నా ఎడమ మూల దగ్గర మొదలుపెట్టి కుడి మూల దాకా, ముఖం ముఖం మీదుగా నడిచేవాడు. ఎందుకలాగని తెనాలిలో కెమెరాలు బాగుచేసే నాగుల్ మీరా ఒకసారి అడిగాడు.

"మధ్యలో వాళ్లకేమయ్యా, ఇంకో పెళ్లిలో దిగుతారు. చివర నిలబడేది ఎవరు? పేద చుట్టం, మొగుడు పోయిన మేనత్త, నడవలేని ముసలమ్మ. వాళ్లని మళ్లీ పిలిచి ఎవరు తీస్తారు?" అన్నాడు కోటిలింగం.

ఆ మాట విన్న రోజు నుంచి నా మూలల మీద నాకు గౌరవం పెరిగింది.

నా ఒంటి మీద ఒక గీత ఉంది, ఎడమ కింది మూలలో. అది కోటిలింగం చేసిన ఘనకార్యమే. ఒక వేసవిలో చిన్న పురుగు లోపలికి దూరి, చచ్చి, దాని కాలు నాకు అంటుకుపోయింది. ముహూర్తం దగ్గర పడుతోంది. మాణిక్యం గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఈయన లెన్సు ఊడదీసి ఆ పిన్నీసుతో గెలికాడు. కాలు పోయింది, గీత మిగిలింది. తర్వాత నాగుల్ మీరా చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఊదితే పోయేదానికి పిన్నీసు పెట్టి పొడుస్తారా అన్నయ్యా? నాకైతే మనసొప్పదు," అన్నాడు. నా మీద ఉన్నదేదీ ఫిల్ముకు చేరదు కాబట్టి ఆ గీత ఏ ఫోటోలోనూ పడదు. చూసే కంటికి మాత్రం వెంట్రుకలా కనిపిస్తుంది. కోటిలింగం దాన్నీ వాడుకున్నాడు. ఎడమ చివర మనిషి కాళ్లు ఆ గీతకు ఇవతల ఉంటే ఫోటోలో క్షేమంగా ఉన్నట్టే అని గుర్తు పెట్టుకున్నాడు.

పద్దెనిమిదేళ్లు అలా గడిచాయి. ఆ తర్వాత ఒక దసరా ముందు, ఎవరిదో షష్టిపూర్తిలో, ఆయన కన్ను ఎడమ మూలకు వచ్చి ఆగింది. గీత కోసం వెతికాడు. లెన్సు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. గీత ఉన్నచోటే ఉంది. ఆయనకు దొరకలేదు.

ఇంటికి వెళ్లి మాణిక్యంతో అన్నాడు: "ఈ గాజు పాడైపోయిందే. మూలలు నల్లబడుతున్నాయి. మొన్న ప్రింట్లలో చివర మనుషులు తెగిపోయారు, చూశావా?"

నాకు ఒళ్లు మండింది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట ఎవరో. నేను నల్లబడడమేమిటి? అంత మాట అన్నందుకు ఆ రాత్రంతా ఆయన మీద అలిగాను. ఆ అలక తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే తెనాలి ప్యాసింజరెక్కాం. నాగుల్ మీరా కొట్టు మార్కెట్ వీధిలో మెట్ల కింద ఉంటుంది. సన్నటి మనిషి, వేళ్లు ఇంకా సన్నం. బల్ల మీద ఎప్పుడూ ఉతికిన తెల్లగుడ్డ పరిచి ఉంచేవాడు, స్క్రూ జారిపడినా కనిపించాలని. కోటిలింగం కన్నా పదేళ్లు చిన్న. కెమెరా విప్పడం మొదట ఆయన కెమెరా మీదే నేర్చుకున్నాడు. విప్పినది తిరిగి బిగించలేక ఏడుస్తూ కూర్చుంటే, "పర్లేదు, రేపు మళ్లీ చూడు," అని ఇంకో రోజు ఇచ్చిన మనిషి కోటిలింగం. అప్పటినుంచీ అన్నయ్యా అనే పిలుస్తాడు.

"గాజు మసకబారిందయ్యా. మూలలు బొత్తిగా కనపడట్లా. కొత్తది వెయ్యి," అన్నాడు కోటిలింగం స్టూలు మీద కూర్చుంటూ.

నాగుల్ మీరా కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఎదురు గోడకు ఉన్న క్యాలెండరును చూశాడు. పైన రెండు మూలల్లో తారీకులు, కింది రెండు మూలల్లో పండగల పేర్లు. అన్నీ ఒక్క అక్షరం చెదరకుండా నా మీద ఉన్నాయి. ఎడమ కింద గీతా ఉంది. కన్ను మార్చి చూశాడు. తర్వాత లెన్సు ఊడదీసి, శ్రావణమనే సన్నటి పట్టకారుతో చిన్న కొక్కెం వంచి, నన్ను నా చట్రంతో సహా బయటికి దించి, కిటికీ వెలుగుకు పెట్టాడు. రబ్బరు బుడ్డితో ఊదాడు. నాలో ఏమీ లేదు.

ఆయన నుదురు ముడిపడింది. తల తిప్పి కోటిలింగం వైపు చూశాడు. అప్పుడే టీ కొట్టు అబ్బులు రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి కోటిలింగం మోచేతి పక్కన పెట్టి వెళ్లాడు. "టీ తాగండన్నయ్యా," అన్నాడు మీరా. కోటిలింగం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గ్లాసుకు జానెడు అవతల బల్లను తడిమి, వెనక్కి వస్తూ గ్లాసును పడేసింది.

"ఈ వెధవ గ్లాసులు అంచుల్లో పెడతాడు," అన్నాడు కోటిలింగం.

నాగుల్ మీరా గుడ్డతో టీ తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత అన్నాడు: "అవునన్నయ్యా. గాజు మసకబారింది. పాతదైపోయిందిగా."

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. కొత్త సరుకు అంటగట్టడానికి ఎంతకు దిగజారాడు ఈ మనిషి అనుకున్నాను. మనుషుల్ని పద్దెనిమిదేళ్లు చూసీ నేను నేర్చుకున్నది ఆపాటిది.

కొత్త గాజు వేరే కెమెరా కోసం తెప్పించి పెట్టుకున్నది. నాకన్నా పల్చన, నాకన్నా మెరుపు. మీరా దాన్ని వేళ్లతో ముట్టుకోలేదు. అంచు పట్టి శ్రావణంతో ఎత్తి, గరుకు పక్క కిందికి ఉండేట్టు చట్రంలో దించాడు. తిరగబడితే ఫోకస్ దారి తప్పుతుంది. అడుగున వెంట్రుక మందం ఇత్తడి రేకు ఒకటి వేశాడు. కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే చోట పల్చటి నూనె కాగితం పరిచి, క్యాలెండరు మీద అంకె దాని మీదా, కొత్త గాజు మీదా ఒకేలా తేటగా పడేదాకా రేకు మార్చి మార్చి చూశాడు. అంత శ్రద్ధగా ఆయన పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. అవసరమే లేని పని అది.

కోటిలింగం కన్ను పెట్టి, "ఆహా, దీపం వెలిగించినట్టుందయ్యా," అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు వచ్చింది. మీరా తల వంచుకున్నాడు.

ఆయన రైలుకు వెళ్లిపోయాక పక్క కొట్టు టైలరు వచ్చి కూర్చున్నాడు. "కోటిలింగంగారి కళ్లు పోతున్నాయి," అన్నాడు మీరా.

"శుక్లమై ఉంటుంది. మా అమ్మకీ అంతే. పండేదాకా ఆగాలంటలే, పచ్చిమీద కోస్తే కన్నే పోద్దంట."

"మా నాన్నకీ అలాగే చేశారు. తర్వాత శుభ్రంగా కనపడింది." మీరా నన్ను దూదిలో చుట్టి, ఖాళీ నశ్యం డబ్బాలో పెట్టాడు. "మాఘమాసం పెళ్లిళ్లు అయిపోనీ. ఇప్పుడే చెబితే ఆయన చెయ్యి వణుకుతుంది. కెమెరా పట్టుకోలేడు. ఆ మనిషికి అది తప్ప ఇంకేముంది? ఉగాదికి నేనే తీసుకెళ్లి కోయిస్తా."

అప్పుడు తెలిసింది నాకు. నా కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక దూదిలో పడుకుండిపోయాను.

మాఘం వెళ్లింది, ఫాల్గుణమూ చివరికి వచ్చింది. ఉగాదికి వారం ముందు కోటిలింగం గొంతు మళ్లీ ఆ కొట్టులో వినిపించింది. నేను సొరుగులో ఉన్నాను.

"మీరా, ఈ గాజు కూడా నల్లబడింది," అన్నాడు. "భట్టిప్రోలు పెళ్లి తీశా. గ్రూపులో పెళ్లికూతురి నాయనమ్మ చివర్న నిలబడింది. పోయిన వారం కాలం చేసిందంట. పెద్దకర్మకి పటం కట్టించాలని ఆమె కొడుకు వచ్చాడు. ఇంకో ఫోటో లేదంట ఆమెది. నెగెటివ్ తీసి చూస్తే చేతికర్ర ఉంది, ఒక చెవి ఉంది, మనిషి లేదు. ఆ అబ్బాయి ఏమీ అనలేదయ్యా. ఆ చెవినే పెద్దది చేసి ఇవ్వమన్నాడు."

అంతసేపూ బయట టైలరు మిషను తిరుగుతూనే ఉంది.

"లోపం గాజులో లేదన్నయ్యా," అన్నాడు మీరా.

"మరి?"

స్టూలు కిర్రుమంది. "ఓహో," అన్నాడు కోటిలింగం. "నీకెప్పుడు తెలిసింది?"

ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. "ఇప్పుడే," అన్నాడు మీరా.

ఇద్దరూ కలిసి గుంటూరు వెళ్లారు. మీరా తిరిగి వచ్చి నన్ను దూదితో సహా డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టుకున్నాడు. టైలరు అడిగితే ఒక్కొక్క ముక్కా చెప్పాడు. అది శుక్లం కాదు. నీటికాసులు. శుక్లమైతే తీసేస్తే చూపు తిరిగి వస్తుంది, ఇందులో పోయింది పోయినట్టే. మూలల్నుంచి తినుకుంటూ నడిమికి వస్తుంది. దసరాకి ముందు తెచ్చి ఉంటే ఉన్నంత చూపయినా నిలబెట్టేవాళ్లం అన్నాడట డాక్టరు. ఆయనకేం తెలుసు, దసరా అని మాటవరసకు అన్నాడు. ఆ మాట మీరా గుండెలో దిగబడింది.

"చెబితే చెయ్యి వణుకుతుందనుకున్నా," అన్నాడు మీరా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని టైలరు కూడా అనలేకపోయాడు. పండేదాకా ఆగమన్నది తనేగా.

ఏడాదిన్నర తిరక్కుండా కోటిలింగానికి వెలుగూ చీకటీ ఒకటయ్యాయి. స్టూడియో మూసేశారు. మాణిక్యం కెమెరాను గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది, అమ్మడానికి ఆవిడకు చేతులు రాలేదు.

అప్పటి నుంచీ నా ప్రయాణాలు మొదలయ్యాయి. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మీరా నశ్యం డబ్బాను లాల్చీ జేబులో వేసుకుని రేపల్లె రైలెక్కేవాడు. దారి పొడుగునా జేబులో చెయ్యి పెట్టి డబ్బాను పట్టుకుని కూర్చునేవాడు. ఈ రోజు చెప్పేస్తాను అన్నది ఆ వేళ్ల బిగువులో తెలిసేది నాకు. అక్కడికి వెళ్లి కోటిలింగానికి పేపరు చదివి వినిపించేవాడు. మాణిక్యం ఇచ్చిన టీ గ్లాసును ఆయన చేతికి అందించేవాడు. పొద్దువాటారాక, "వస్తానన్నయ్యా," అని లేచేవాడు. తిరుగు రైల్లో ఆ వేళ్లు డబ్బాను ముట్టుకునేవి కాదు. నాలుగేళ్లు ఇదే వరస. తెనాలి నుంచి రేపల్లెకు నిజాన్ని మోసుకుపోయి, మళ్లీ తెనాలికి మోసుకువచ్చేవాడు. ఓడలో ప్రపంచం చుట్టినప్పుడు కూడా నేను ఇంత అలిసిపోలేదు.

ఒక శుక్రవారం పేపరు మడిచి మీరా లేస్తుంటే డబ్బా జేబులో గలగలమంది. దూది అరిగిపోయి చాలా రోజులైంది.

"కూర్చో మీరా," అన్నాడు కోటిలింగం. "నశ్యం మానేశావుగా నువ్వు?"

"మానేశానన్నయ్యా."

"మరి నాలుగేళ్లుగా ఆ డబ్బా నీ వెంట వచ్చి పోతుందేంటి? చూపు పోయిందిగానీ చెవులున్నాయి నాకు."

మీరా నిలబడే ఉన్నాడు. తర్వాత డబ్బా తీసి మూత తెరిచి నన్ను కోటిలింగం అరచేతిలోకి ఒంపాడు. ఆ చెయ్యి నాకు ఎన్నేళ్ల తర్వాత తగిలిందో. ఆయన బొటనవేలు నా అంచు వెంట నడిచింది. నాలుగు మూలలూ లెక్కపెట్టింది. ఎడమ కింద గోరు గీతలో ఆగింది. నాడు కంటికి దొరకనిది ఇప్పుడు గోటికి దొరికింది.

"మాణిక్యం పిన్నీసు," అన్నాడు. తర్వాత, "బాగుందా గాజు?" అన్నాడు.

"బాగుందన్నయ్యా."

"అప్పుడో?"

వంటింట్లో మాణిక్యం గ్లాసులు కడుగుతున్న చప్పుడు వస్తోంది. మీరా నేల మీద కూర్చుండిపోయాడు. "అప్పుడూ బాగానే ఉంది," అన్నాడు. "నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. శుక్లమనుకున్నా. ఉగాదికి చెబుదామనుకున్నా."

కోటిలింగం కళ్లు మూసుకున్నాడు. చూపులేని మనిషి కళ్లు మూసుకోవడం నేను అప్పుడే చూశాను. ఆయన గుప్పిట బిగిసింది, నేను విరిగిపోతాననుకున్నాను. విరిగినా బాగుండేది. చాలాసేపటికి గుప్పిట వదులైంది.

"మాణిక్యానికి చెప్పకు," అన్నాడు. "నువ్వు ఆ రోజు చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే మీరా. నీతో పోట్లాడి, ఇంకో కొట్టుకు పోయి గాజు మార్పించుకునేవాణ్ణి."

అది అబద్ధం. పద్దెనిమిదేళ్లు ఆ కంటికి బెత్తెడు దూరంలో బతికినదాన్ని, నాకు తెలియదా? వాన పడుతుందని మీరా చెబితే మిట్టమధ్యాహ్నపు ఎండలో గొడుగు పట్టుకు వెళ్లే మనిషి ఆయన. మీరాకూ తెలుసు. తెలిసీ తల ఊపాడు. అబద్ధానికి అబద్ధం చెల్లింది. నా బోటి గాజుకు పగలడం తప్ప ఏడవడం రాదు, లేకపోతే ఆ పూట ఏడ్చేదాన్ని.

"గూట్లో కెమెరా ఉంటుంది, తియ్యి," అన్నాడు కోటిలింగం. "నా గాజు నాకు పెట్టేయ్."

తెల్లగుడ్డ లేదు. మీరా తన చేతిరుమాలు పరిచాడు. శ్రావణం లేదు. వాకిట్లో ఆరేసిన బట్టల దగ్గర నుంచి మాణిక్యానిదే పిన్నీసు ఒకటి తెచ్చి, దాంతోనే కొక్కెం వంచి, కొత్త గాజును దించాడు. నన్ను నోటితో ఊది, గరుకు కిందికి పెట్టి పడుకోబెట్టాడు. జీవితంలో మొదటిసారి ఆయన వేలిముద్ర నా అంచు మీద పడింది. లెన్సు బిగించి కెమెరా అన్నయ్య చేతికి ఇచ్చాడు.

కోటిలింగం దాన్ని కంటికి పెట్టుకున్నాడు. వేళ్లు వాటంతట అవే లెన్సు మీదికి వెళ్లాయి. "ఎంత దూరంలో ఉన్నావు?"

"ఐదడుగులన్నయ్యా."

కోటిలింగం మీరా గొంతు వచ్చిన వైపు కెమెరా తిప్పి, వేళ్ల గుర్తుతో ఐదడుగులకు ఆపాడు. నా మీద మీరా ముఖం పడింది. నెరిసిన గడ్డం, తడి కళ్లు, వెనక గోడ, ఆ గోడ మీద ఖాళీ అయిన మేకులు.

"మూలలు చూసుకున్నావా?" అన్నాడు కోటిలింగం.

"నాలుగూ తేటగా ఉన్నాయన్నయ్యా."

నిజమే. అన్నీ తేటగా ఉన్నాయి. ఆ తేటదనమంతా పైకి వెళ్లి ఆ కంటి ముందు నిలబడి, లోపలికి దారి దొరక్క ఆగిపోయింది.

కోటిలింగం నొక్కాడు. అద్దం లేచింది. నాకు చీకటి.

వెలుగు వచ్చేసరికి మీరా రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. ఆ రెప్పపాటులో ఆ ముఖంలో ఏముందో నేను చూడలేదు. కెమెరాలో ఫిల్ము లేదు. నొక్కిన మనిషికి చూపు లేదు.

"పడిందా అన్నయ్యా?" అన్నాడు మీరా చేతుల్లోంచి.

"పడింది," అన్నాడు కోటిలింగం.